మళ్లీ మొదలుపెట్టమంటే వార్డు నర్సింగా, మరో విభాగమా, వేరే ఉద్యోగమా?

"మళ్లీ అవకాశమొస్తే నర్సే అవుతారా?" అని నైట్ డ్యూటీ దిగుతున్న నర్సును అడిగితే ఒక జవాబు వస్తుంది. ఐసీయూలో వారాల తరబడి ఉన్న పేషెంట్ తన కాళ్ల మీద నడిచి ఇంటికెళ్లిన రోజున అదే మనిషిని అడిగితే ఇంకో జవాబు వస్తుంది. రెండూ మనసులోంచి వచ్చినవే. వార్డులో పనిచేసే నర్సుగా నేనైతే మూడు దారులను పక్కపక్కన పెట్టి చూస్తాను: వార్డులోనే ఉండటం, నర్సింగ్‌లోనే వేరే విభాగానికి మారడం, ఈ వృత్తే వద్దనుకోవడం.

ముందుగా వార్డు. డాక్టర్ రౌండ్స్‌కి వచ్చి వెళ్తారు, పేషెంట్ దగ్గర రాత్రింబవళ్లు ఉండేది నర్సులే. ఊపిరి కాస్త వేగం పెరగడం, నిన్నటిదాకా చక్కగా మాట్లాడిన పెద్దాయన ఈరోజు తడబడటం, యూరిన్ బ్యాగ్ నిండకపోవడం... పరిస్థితి చేయి దాటకముందే కనిపించే గుర్తులివి. వీటిని పట్టుకుని డాక్టర్‌ను పిలిచినందుకు ఒక ప్రాణం నిలిస్తే, ఆ తృప్తి నాకు ఇంకే పనిలోనూ దొరకదు.

దానికి కట్టే మూల్యం కూడా చిన్నది కాదు. శరీర గడియారాన్ని చెదరగొట్టే నైట్ షిఫ్టు పనిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో 'బహుశా క్యాన్సర్ కారకం' అనే జాబితాలో చేర్చింది, 2019లో మళ్లీ అదే మాట చెప్పింది. పేషెంట్లను లేపి, తిప్పి నడుము పోతుంది. సూది గుచ్చుకుంటే రక్తపరీక్షల ఫలితాలు తేలేదాకా టెన్షనే.

అయినా నర్సులకు ఈ వృత్తి మీద విరక్తి వచ్చేలా చేసేది వీటన్నిటికన్నా ఒక్కో నర్సు చూడాల్సిన పేషెంట్ల సంఖ్య అని నా నమ్మకం. నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం అమెరికాలోని పెన్సిల్వేనియా ఆసుపత్రుల్లో సర్జరీ పేషెంట్లను పరిశీలించి 2002లో ఒక అధ్యయనం ప్రచురించింది. ఒక నర్సు చూసే పేషెంట్ల సంఖ్య ఒక్కటి పెరిగితే, పేషెంట్ 30 రోజుల్లోపు మరణించే అవకాశం 7 శాతం, నర్సు పూర్తిగా అలసిపోయి విసిగిపోయే అవకాశం 23 శాతం పెరిగినట్టు తేలింది. కాలిఫోర్నియాలో 2004 నుంచి దీనికి చట్టప్రకారం హద్దు ఉంది. ఐసీయూలో ఒక నర్సుకు ఇద్దరికి మించి ఇవ్వకూడదు. ఆ హద్దు లేనిచోట, ఈ పేషెంట్‌ను పక్కకు తిప్పాలని తెలుసు, ఆ పేషెంట్ దగ్గర రెండు నిమిషాలు కూర్చోవాలని తెలుసు, చేయలేం. ఒంటి అలసట నిద్రతో పోతుంది, చేయలేకపోయామన్న ఈ బాధ మాత్రం ఇంటిదాకా వెంట వస్తుంది.

ఇక విభాగం మారడం. డయాలసిస్‌లో అదే పేషెంట్లు వారానికి రెండు మూడు సార్లు, ఏళ్ల తరబడి వస్తారు, వాళ్లతో అనుబంధం గట్టిపడుతుంది, నైట్ డ్యూటీలూ తక్కువే. ఆపరేషన్ థియేటర్‌లో పని క్రమపద్ధతిలో సాగుతుంది కానీ పేషెంట్ ఎక్కువసేపు మత్తులోనే ఉంటారు. మాట్లాడటం ఇష్టమున్నవాళ్లకు అది లోటే. ఇన్ఫెక్షన్ కంట్రోల్, టీచింగ్, కమ్యూనిటీ నర్సింగ్ కూడా మంచి దారులే, కాకపోతే ముందు కొంతకాలం వార్డులో చేయి తిరగాలి.

మూడోది, అసలు బయటికి రావడం. రాత్రి నిద్ర, పండక్కి ఇంట్లో ఉండటం, ఇవి మామూలు సుఖాలు కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నివేదిక ప్రకారం నర్సుల్లో దాదాపు 90 శాతం మహిళలే. వాళ్లలో చాలామందికి నైట్ దిగాక ఇంట్లో రెండో డ్యూటీ మొదలవుతుంది. 'సేవ' అనే మాట అడ్డం పెట్టి వీళ్ల జీతం, సెలవు ఎగ్గొట్టడం అన్యాయం. ఇక పని దొరకడం సంగతి చూస్తే నర్సింగ్‌కు సాటి వచ్చేవి తక్కువ. అదే నివేదిక ప్రపంచవ్యాప్తంగా 59 లక్షల మంది నర్సుల కొరత ఉందని లెక్కగట్టింది. కానీ ఆ కొరత బరువంతా ఇప్పుడు డ్యూటీలో ఉన్నవాళ్ల మీదే పడుతోంది.

నా ఎంపిక వార్డే. అయితే ఏ వార్డయినా సరే అనను. అమెరికాలో నర్సుల కొరత ఉన్న రోజుల్లోనూ నర్సులను నిలుపుకున్న 41 ఆసుపత్రుల మీద 1983లో ఒక అధ్యయనం వచ్చింది. సరిపడా సిబ్బంది, డ్యూటీ వేళల్లో వెసులుబాటు, నిర్ణయాల్లో నర్సుల మాటకు విలువ అక్కడ కనిపించాయి. నర్సింగ్ మానేయాలనుకునే వాళ్లకు ముందు విభాగం మార్చుకోమనీ, కుదరకపోతే ఆసుపత్రి మార్చుకోమనీ చెబుతాను. నడుము, నిద్ర అప్పటికే దెబ్బతిని ఉంటే మాత్రం తప్పు చేస్తున్నామనుకోకుండా వదిలేయొచ్చు.

కొత్తగా చేరేవాళ్లు ఇంటర్వ్యూలో జీతంతో పాటు ఈ మూడూ అడగాలి: నైట్‌లో ఒక నర్సుకు ఎంతమంది పేషెంట్లు? వరసగా ఎన్ని నైట్లు వేస్తారు? ఒకరు సెలవు పెడితే ఆ పని ఎవరు చేస్తారు? జవాబు దాటేస్తే, ఇంకో ఆసుపత్రిలో అడిగి చూశాకే సంతకం పెట్టండి.