వెనక అద్దం డీఫాగర్ పనిచేయకపోతే: గీత అతికించాలా, అద్దమే మార్చాలా?

కారు వెనక అద్దం మీది సన్న గీతలు కరెంటుతో వేడెక్కి ఆవిరిని పోగొడతాయి, అదే డీఫాగర్. ముందు ఫ్యూజు, రిలే (కరెంటును కలిపే స్విచ్చు) చూడండి. అవి బాగుండి, ఒకటి రెండు గీతల దగ్గరే ఆవిరి విడవకపోతే ఆ గీతలు తెగినట్టే. సన్‌ఫిల్మ్‌ను బ్లేడుతో గీకేవాళ్ల పుణ్యమే చాలాసార్లు ఇది.

తెగిన చోటు పట్టడం తేలికే. ఇంజిన్ నడుస్తుండగా డీఫాగర్ ఆన్ చేసి, మల్టీమీటర్ (వోల్టులు కొలిచే మీటరు) నల్ల వైరును బాడీ ఎర్త్‌కి, అంటే కారు బాడీ లోహానికి పెట్టండి. ఎర్ర వైరు మొనకు అల్యూమినియం ఫాయిల్ చుట్టి (లేకపోతే గీత గీసుకుపోతుంది) గీత వెంట జరపండి. సుమారు 12 వోల్టుల నుంచి మెల్లగా తగ్గుతూ రావాలి. ఒక్కసారిగా సున్నాకి పడిందంటే తెగింది అక్కడే.

ఖర్చు: సిల్వర్ కండక్టివ్ పెయింట్ (తెగిన చోట పూసే, కరెంటు పారే పెయింటు) వందల్లో. అద్దం వేలల్లో.

శ్రమ: పెయింటుకి స్పిరిట్‌తో తుడిచి, గీతకు రెండు వైపులా టేపు వేసి, పలచగా పూసి, ఒక రోజు ఆరనివ్వాలి. అద్దం వర్క్‌షాపు పని.

రిస్క్: పెయింటు గట్టిగా రుద్దితే ఊడుతుంది. అద్దం సరిగ్గా అతకకపోతే వాన నీళ్లు డిక్కీలోకి కారతాయి. చవక అద్దానికి అసలు హీటర్ గీతలే ఉండకపోవచ్చు, కొనేముందే అడగండి.

చిన్న తెగుళ్లు ఒకటి రెండైతే పెయింటే. వైరు తగిలించే క్లిప్ ఊడితే దానికి పెయింటు చాలదు, కండక్టివ్ ఎపాక్సీ (కరెంటు పారే గట్టి జిగురు) కావాలి. గీతలు సగానికి పైగా పోయినా, అద్దం పగిలినా మార్చడమే నయం. పగిలిన అద్దమైతే ముందు బీమా పాలసీ చూసుకోండి.