క్లాసు అయ్యాక మొదలయ్యే బెర్లిన్

జూన్ చివర్లో బెర్లిన్‌లో పొద్దు గుంకేది రాత్రి తొమ్మిదిన్నరకి. సమ్మర్ కోర్సు క్లాసులేమో చాలావరకు మధ్యాహ్నానికే అయిపోతాయి. అంటే రోజూ ఏడెనిమిది గంటల పగలు మన చేతిలో మిగులుతుంది. ఏ యూనివర్సిటీ, ఎన్ని క్రెడిట్లు అని నెలల తరబడి వెతికేవాళ్లు కూడా ఈ లెక్క వేసుకోరు. 2025 వేసవిలో జర్మన్ నేర్చుకోవడానికి వెళ్లొచ్చాక నాకు తేలింది ఇదీ: క్లాసు ఎక్కడైనా కాస్త అటూ ఇటూగా ఒకేలా ఉంటుంది. ఆ మిగిలిన పగలు ఎలా గడుస్తుందన్నది మాత్రం మన గది ఏ రైలు లైన్ మీద ఉందో దాన్ని బట్టి ఉంటుంది.

నా క్లాసులు నగరానికి నైరుతిన ఉన్న డాలెమ్‌లో, ఫ్రీ యూనివర్సిటీ పరిసరాల్లో జరిగేవి. ఆ యూనివర్సిటీ పుట్టింది 1948లో. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత గెలిచిన దేశాలు నగరాన్ని పంచుకున్నప్పుడు, నగరం మధ్యలో ఉన్న పాత యూనివర్సిటీ సోవియట్ భాగంలోకి వెళ్లిపోయి, అక్కడ రాజకీయ ఒత్తిడి పెరగడంతో, కొందరు విద్యార్థులు, అధ్యాపకులు అమెరికన్ భాగంలో కొత్తది పెట్టుకున్నారు. ఇప్పుడు చూస్తే చెట్ల మధ్య విల్లాలు, గడ్డి కప్పుతో ఉన్న మెట్రో స్టేషన్. పల్లెలో దిగామా అనిపిస్తుంది. మొదటి రోజు పరీక్ష పెట్టి స్థాయిని బట్టి గ్రూపుల్లో వేస్తారు. తేలిక గ్రూపులో పడాలని తక్కువ రాయకండి, విసుగొస్తుంది. క్రెడిట్లు కావాలంటే, వాటిని ఒప్పుకుంటామని మీ కాలేజీ నుంచి బయల్దేరకముందే రాతపూర్వకంగా తీసుకోండి. కోర్సు అయ్యాక అడిగితే చాలా ఆలస్యం అవుతుంది.

ఇక గదుల సంగతి. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు టెన్షనంతా ఇక్కడే.

మొదట కొన్నాళ్లు ఫ్రీడ్రిష్‌హైన్‌లో ఒక హాస్టల్‌లో ఉన్నాను. శుభ్రంగానే ఉంది, రిసెప్షన్‌లో ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు ఉండేవారు, మంచం పక్కనే లాకరు. కానీ ఆ పేట క్లబ్బులకు పేరుపడింది. గురువారం నుంచి ఆదివారం దాకా కారిడార్‌లో అడుగుల చప్పుడు ఆగదు. వంటగది రాత్రి తొమ్మిదికే తాళం వేసేసేవారు. పర్యాటకులకు ఇది బాగానే ఉంటుంది. పొద్దున్నే లేచి విభక్తులు బట్టీ పట్టాల్సిన వాళ్లకు కాదు.

తర్వాత నోయ్‌కోల్న్‌లో ఒక వేగేలో గది దొరికింది. ముగ్గురు నలుగురు కలిసి ఫ్లాటు తీసుకుని వంటగది, బాత్రూమ్ పంచుకుంటే దాన్ని అక్కడ వేగే అంటారు. వేసవిలో స్థానిక విద్యార్థులు ఊళ్లకు వెళ్తూ తమ గదిని ఒకటి రెండు నెలలు ఇంకొకరికి ఇచ్చిపోతారు కాబట్టి సమ్మర్ కోర్సుకు వచ్చేవాళ్లకు ఇది బాగా కుదురుతుంది. ఇంటి యజమాని ఒప్పుకున్నట్టు కాగితం ఉందో లేదో అడగాలి. "నేను వేరే దేశంలో ఉన్నాను, డిపాజిట్ పంపండి, తాళాలు పోస్టులో వస్తాయి" అనేవాళ్లు అక్కడ కోకొల్లలు. నాకూ అలాంటి మెయిల్ వచ్చింది. గదిని కళ్లతో చూడకుండా, కనీసం వీడియో కాల్‌లోనైనా చూడకుండా, ఒక్క యూరో కూడా పంపకూడదు.

నా గది చివరి అంతస్తులో. ఏసీలు ఆ నగరంలో ఇళ్లకు దాదాపు ఉండవు. ఎండ ముదిరిన వారంలో పైకప్పు కింద పడుకోవడం నరకమే. నాలుగో, ఐదో అంతస్తు గది చవగ్గా వస్తోందంటే కారణం అదీ, పాత భవనాల్లో లిఫ్టు లేకపోవడమూనూ. అయినా నేను నోయ్‌కోల్న్‌కే ఓటేస్తాను. మెట్రో ఏడో లైన్ ఎక్కి ఫేర్‌బెలినర్ ప్లాట్స్‌లో మూడో లైన్‌కు మారితే నేరుగా డాలెమ్. సాయంత్రం తిరిగొచ్చాక జోన్నెన్ అలే మీద అరబ్బుల దుకాణాల్లో ఫలాఫెల్, మంగళ, శుక్రవారాల్లో మైబాఖ్‌ఉఫర్ కాలువ గట్టున టర్కిష్ సంత. సంత ముగిసే వేళకు పళ్ల ధరలు సగానికి దిగుతాయి. పైగా జర్మన్‌లో బేరమాడితే జర్మన్‌లోనే జవాబిస్తారు. కెఫేల్లో ఆ అవకాశం దొరకదు, మన ఉచ్చారణ వినగానే ఇంగ్లిష్‌కు దిగిపోతారు.

మా క్లాసులో కొందరు ష్లాఖ్టెన్‌జే విద్యార్థి గ్రామంలో ఉన్నారు. 1959లో అమెరికా సాయంతో కట్టిన హాస్టల్ భవనాల సముదాయం అది, ఇప్పుడు రక్షిత కట్టడం. పచ్చిక, చిన్న గదులు, ఉమ్మడి వంటగదులు, క్లాసుకు సైకిల్ దూరం. చదువే ముఖ్యమనుకునేవాళ్లకు అంతకన్నా మంచిది చూడలేదు. లోటల్లా ఒకటే: రాత్రి తొమ్మిది దాటితే చుట్టుపక్కల చేయడానికి ఏమీ ఉండదు.

రవాణాకు నెలవారీ డాయిష్‌లాండ్ టికెట్ తీసుకుంటే ఇంకేం ఆలోచించక్కర్లేదు. నేను వెళ్లినప్పుడు 58 యూరోలు, 2026 జనవరి నుంచి 63. మెట్రో, ఎస్-బాన్ (నగర లోకల్ రైలు), ట్రామ్, బస్సు, ప్రాంతీయ రైళ్లు అన్నీ అందులోనే. దూరప్రయాణపు వేగ రైళ్లలో మాత్రం చెల్లదు. టికెట్ల కోసం నగరాన్ని, శివార్లను ఎ, బి, సి జోన్లుగా విడదీశారు. ఎయిర్‌పోర్టు సి జోన్‌లో ఉంది కాబట్టి పాస్ లేనివాళ్లు మొదటి రోజు ఎబిసి టికెట్ కొనాలి, ఎబి కొంటే చాలదు. మెషీన్‌లో కొన్న కాగితం టికెట్‌ను ప్లాట్‌ఫామ్ మీది పెట్టెలో దూర్చి ముద్ర వేయించాలి. గేట్లు లేవు కదా అని ఊరుకుంటే మామూలు బట్టల్లో ఉన్న తనిఖీదారు పక్క సీట్లోంచే లేస్తాడు, జరిమానా 60 యూరోలు. శుక్ర, శని రాత్రుల్లో మెట్రో తెల్లవార్లూ నడుస్తుంది. వేసవిలో ఎక్కడో ఒకచోట పట్టాల పనులు ఉంటాయి, బదులు బస్సులు వేస్తారు. పరీక్ష రోజు కాస్త ముందే బయల్దేరాలి.

చూడాల్సిన చోట్ల విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు: డబ్బు పెట్టి చూసేవాటికన్నా ఉచితంగా చూసేవే బెర్లిన్‌లో గొప్పవి. 368 మీటర్ల టీవీ టవర్ ఎక్కడానికి క్యూలో నిలబడి డబ్బు పోసేకన్నా పార్లమెంటు భవనం రైష్‌స్టాగ్ మీది గాజు గుమ్మటం మేలు. దానికి టికెట్ లేదు, ముందుగా పేరు నమోదు చేసుకుని పాస్‌పోర్టు తీసుకెళ్తే చాలు. ఆ గుమ్మటాన్ని రూపొందించిన నార్మన్ ఫోస్టరే డాలెమ్‌లో భాషాశాస్త్ర గ్రంథాలయాన్నీ కట్టాడు. 2005లో తెరిచిన ఆ లైబ్రరీ మెదడు ఆకారంలో ఉంటుంది. నా హోంవర్కులో సగం అక్కడే అయింది. గది వేడెక్కిన రోజుల్లో అదే నాకు దిక్కు.

ఒకప్పుడు నగరాన్ని తూర్పు, పడమరలుగా చీల్చిన బెర్లిన్ గోడ చూడాలంటే చాలామంది ఈస్ట్ సైడ్ గ్యాలరీకి పోతారు. 1.3 కిలోమీటర్ల పొడవునా బొమ్మలు, వాటి ముందు సెల్ఫీలు. చరిత్ర కావాలంటే బెర్నావర్ వీధికి వెళ్లాలి. 1961 ఆగస్టులో గోడ లేచినప్పుడు ఆ వీధిలో ఒక వైపు ఇళ్లు తూర్పు బెర్లిన్‌వి, వాటి ముందు కాలిబాట పడమటి బెర్లిన్‌ది. జనం కిటికీల్లోంచి దూకి పారిపోయారు. స్మారక కేంద్రం టవర్ ఎక్కితే రెండు గోడల మధ్య నిషేధిత మేర ఎలా ఉండేదో పైనుంచి కనిపిస్తుంది. మా టీచర్ అక్కడే భూతకాలం పాఠం చెప్పారు. క్లాస్‌రూమ్‌లో వారం పట్టేది ఆ మధ్యాహ్నం తలకెక్కింది.

మ్యూజియం ఐలాండ్‌లో విద్యార్థి కార్డుకు తగ్గింపు ఉంది. పెర్గమాన్ మ్యూజియం 2023 అక్టోబరు నుంచి మూసి ఉంది, అది చూసుకోకుండా వచ్చి తలుపు దగ్గర నిరాశపడేవాళ్లను చాలామందిని చూశాను. నోయెస్ మ్యూజియంలో ఈజిప్టు రాణి నెఫర్తీతి విగ్రహం కోసం వెళ్లొచ్చు. మిగతావాటికి వానరోజు ఉంచుకోండి.

సాయంత్రాలకు టెంపెల్‌హోఫ్‌ను మించింది లేదు. 1948-49లో సోవియట్లు దారులు మూసేసిన దిగ్బంధంలో పడమటి బెర్లిన్‌కు విమానాల్లో తిండి, బొగ్గు దిగిన విమానాశ్రయం అది. 2008లో మూసేశారు, 2010లో జనానికి పార్కుగా తెరిచారు, కొంత భాగంలో ఇళ్లు కడతామంటే 2014లో నగరవాసులు ఓటేసి అడ్డుకున్నారు. ఇప్పుడు రన్‌వే మీద సైకిళ్లు, గాలిపటాలు. నా గది నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలోనే ఉంది, అందుకే పై అంతస్తు వేడిని భరించాను.

ఈతకు డాలెమ్ నుంచి మూడో లైన్ చివరి స్టేషన్ క్రుమ్మె లాంకె దాకా వెళ్తే సరస్సు దగ్గర్లోనే. ఆ పక్కది ష్లాఖ్టెన్‌జే. రెండూ ఉచితం. ఈత అంతగా రానివాళ్లు మాత్రం టికెట్ కొనుక్కుని వాన్‌జే బీచ్‌కే వెళ్లాలి, అక్కడ లైఫ్‌గార్డులు, బట్టలు మార్చుకునే గదులు ఉంటాయి. వాన్‌జే రేవు నుంచి క్లాడోవ్‌కు పడవ ఒకటి నడుస్తుంది, ఎఫ్10. ఇరవై నిమిషాల ప్రయాణం, డాయిష్‌లాండ్ టికెట్‌తోనే ఎక్కొచ్చు. పర్యాటక నౌకల టికెట్లు అమ్మేవాళ్లు దీని సంగతి చెప్పరు! పక్క ఊరు పాట్స్‌డామ్‌కు కూడా ఆ టికెట్టే చాలు. అక్కడి సాన్‌సూసి ప్యాలెస్ తోట చూస్తే చాలు, ప్యాలెస్ లోపలికి వెళ్లకపోయినా పెద్దగా పోయేదేమీ లేదు.

తిండికి మధ్యాహ్నం మెన్సా, అంటే యూనివర్సిటీ క్యాంటీన్. విద్యార్థి ధర, అతిథి ధర వేరు, కాబట్టి మీ కోర్సు కార్డుకు ఏది వర్తిస్తుందో అడగండి. డాలెమ్ మెన్సాల్లో ఒకటి 2010 నుంచి పూర్తిగా శాకాహారం. ఆదివారం సూపర్‌మార్కెట్లు మూతే, ప్రధాన రైల్వే స్టేషన్‌లోవి లాంటి కొన్ని తప్ప. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు. బాటిల్ కొన్నారంటే ప్లాస్టిక్‌దానికి 25 సెంట్లు డిపాజిట్, ఖాళీ సీసా మెషీన్‌లో వేస్తే తిరిగొస్తుంది. పారాసిటమాల్ లాంటిది కూడా ఫార్మసీలోనే దొరుకుతుంది, సూపర్‌మార్కెట్లో కాదు. రాత్రిపూట జ్వరం లాంటిది వస్తే 116117కు, ప్రాణం మీదికొస్తే 112కు ఫోన్ చేయాలి.

ఒక్కటి మాత్రం వెంటనే క్యాలెండర్‌లో రాసుకోండి. ఆ డాయిష్‌లాండ్ టికెట్ చందా పద్ధతిలో నడుస్తుంది. మీరు వెనక్కి వచ్చే నెలలో పదో తేదీలోపు రద్దు చేయకపోతే ఆ తర్వాతి నెల డబ్బు కూడా కట్ అవుతుంది.