ముడుచుకునే ట్రైమరాన్ బీములకు పాలిథిలీన్ బేరింగులు: కొన్నేళ్లు వాడాక

వాషింగ్టన్ రాష్ట్రంలో ప్రత్యేక అనుమతి లేకుండా రోడ్డెక్కే ట్రెయిలర్ వెడల్పు 8.5 అడుగులు, అంటే దాదాపు 2.6 మీటర్లు దాటకూడదు. నేను గరాజులో కట్టుకున్న చిన్న తెరచాప ట్రైమరాన్, అంటే నడిమి హల్లుకు (పడవ ఒడలికి) రెండు పక్కలా చెరొక హల్లు ఉండే పడవ, నీటిలో అంతకంటే చాలా వెడల్పు ఉండాలి కాబట్టి, పక్క హల్లులను మోసే బీములను ఒకదానిలోకి ఒకటి జారే చదరపు అల్యూమినియం గొట్టాలతో చేశాను. ఆ గొట్టాల మధ్య బేరింగులుగా బిగించిన యూహెచ్‌ఎండబ్ల్యూ (అణుభారం చాలా ఎక్కువగా ఉండే రకం) పాలిథిలీన్ ప్లాస్టిక్ పట్టీలను అక్కడి ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపాయ ఉప్పునీటిలో కొన్ని వేసవులుగా వాడుతున్నాను. పదార్థం మంచిదే, కానీ బీము తేలిగ్గా జారడం పదార్థం కంటే పట్టీని ఎక్కడ పెట్టాం, ఎంత సందు వదిలాం అన్నదాని మీదే ఎక్కువ ఆధారపడిందని నాకు అర్థమైంది.

పోలిక కోసం మొదట ముందు బీముకు నైలాన్ పట్టీలు, వెనక బీముకు పాలిథిలీన్ పట్టీలు వేశాను. పొడిగా ఉన్నంతకాలం తేడా తెలియలేదు. నైలాన్ 6 పూర్తిగా నానితే తన బరువులో సుమారు 9 శాతం నీరు పీల్చి, కొలతల్లో రెండు మూడు శాతం ఉబ్బుతుంది. 10 మిల్లీమీటర్ల పట్టీకి అది పావు మిల్లీమీటరు, పైనా కిందా కలిపి అర మిల్లీమీటరు. గొట్టాల మధ్య ఉన్న సందే అంత కావడంతో, కొన్ని వారాలు నీటిలో ఉన్నాక ముందు బీము బిగుసుకుంది, వెనకది ఎప్పటిలాగే జారింది. డెల్రిన్ అనే అసిటాల్ ప్లాస్టిక్ కూడా నీటిని పెద్దగా పీల్చదు, చక్కగా కోతకు వస్తుంది, కానీ ఖరీదెక్కువ.

పాలిథిలీన్‌తో ఉన్న చిక్కు వేడి. అది అల్యూమినియం కంటే ఏడెనిమిది రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది. 300 మిల్లీమీటర్ల పట్టీ 30 డిగ్రీలు వేడెక్కితే దాదాపు ఒకటిన్నర మిల్లీమీటరు పెరుగుతుంది. రెండు చివరలా గట్టిగా బిగించిన పట్టీ ఎండలో నడుమ వంగి పైకి లేచి లోపలి గొట్టాన్ని పట్టేస్తుంది. అందుకే ఒక చివర గుండ్రటి రంధ్రం, మరో చివర కోలగా సాగదీసిన రంధ్రం పెట్టి, స్క్రూ తలలు ఉపరితలం కంటే బాగా లోపలికి దిగేలా చూసుకోవాలి. ఎపాక్సీ దీనికి నమ్మకంగా అంటదు కాబట్టి స్క్రూలు తప్పవు. అవి స్టెయిన్‌లెస్ స్టీలువైతే అల్యూమినియం తినిపోకుండా మర మీద టెఫ్‌జెల్ లాంటి పేస్టు రాయాలి.

అసలు ఇబ్బంది బీము అడ్డంగా పట్టేయడం, అంటే బల్ల సొరుగును ఒక మూల పట్టి లాగితే ఇరుక్కున్నట్టు. తోసే చోటు బీము నడిగీత నుంచి ఎంత దూరంలో ఉండవచ్చో ఒక చిన్న లెక్క చెబుతుంది: గొట్టాలు ఒకదానిలో ఒకటి ఉన్న నిడివిని ఘర్షణ గుణకానికి రెట్టింపుతో భాగించాలి. నిడివి 0.6 మీటర్లు, గుణకం 0.1 అయితే హద్దు 3 మీటర్లు. అదే గుణకం 0.3 అయితే ఒక మీటరే. ఉప్పు గట్టిపడిన పట్టీ మీద గుణకం పెరుగుతుంది గనుక, నేను రెండు బీములనూ ఒకే తాడుతో, కప్పీల మీదుగా, సమంగా లాగుతాను. పట్టీలు గొట్టం పొడవునా వేయక, బయటి గొట్టం మూతి దగ్గరా లోపలి గొట్టం కొసనా మాత్రమే పైనా కిందా పెట్టాను. బరువంతా పడేది అక్కడే; మధ్య ఖాళీలోంచి ఇసుక కడిగేస్తే పోతుంది.

గ్రీజు మాత్రం వద్దు, అది ఇసుకను పట్టి ఉంచి గొట్టం అనొడైజింగును, అంటే అల్యూమినియం మీది రక్షణ పొరను, గీకేస్తుంది. మంచినీళ్లతో కడిగి పొడి టెఫ్లాన్ స్ప్రే కొడితే చాలు. నాకు మిగిలిన ఫిర్యాదు ఒక్కటే: ఆ సందు వల్ల లంగరు వేసిన రాత్రి అలకొక టక్‌మనే చప్పుడు వస్తుంది. బీము బయటికి జారాక మూతిలో ఏటవాలు చీలలు దిగగొడితే అది ఆగుతుంది, ప్రయాణంలో భారం కూడా పట్టీల మీద కాక చీలల మీద పడుతుంది. పాలిథిలీన్ కొనేటప్పుడు తెల్లది కాక ఎండకు తట్టుకునే నల్ల రకం అడగాలి.