వృద్ధాశ్రమంలో చేర్పించేవాళ్ళు ముందు బరువు రిజిస్టరు చూడండి

పేరు రాయను. ఆ ప్రకటన చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు: నవ్వుతున్న తాతగారు, పక్కన నర్సు, కింద 'నిరంతర పర్యవేక్షణ'. మా నాన్నని అక్కడే చేర్పించాం. చేరినప్పుడు చేతికర్ర పట్టుకుని బాత్రూమ్‌కి తనే వెళ్ళొచ్చేవారు.

ఇవాళ చూస్తే చక్రాల కుర్చీలో, నడుముకి బెల్టు. వాచీ మోచేతి దాకా జారిపోతోంది. పట్టపగలు మత్తుగా ఉన్నారేంటంటే రాత్రి నిద్రమాత్ర వేశారట. ఏ డాక్టరు రాశాడో చీటీ లేదు. బెల్టెందుకు అంటే "పడిపోకుండా సార్" అంది మేనేజరు. నిజమే, లేవనివ్వకపోతే ఎవరూ పడరు!

బరువు రిజిస్టరు తెమ్మన్నాను. నెలనెలా 58 కిలోలు. ఒకే పెన్ను, ఒకే చేతిరాత. వేలు పెట్టి కిందికి చూసుకుంటూ పోతే ఇంకా రాని నెల గడిలో కూడా 58! ఇదేంటండీ అంటే ఆవిడ పుస్తకం మూసేసి, "వయసైపోయింది కదా సార్, ఇంకేం ఆశిస్తారు మీరు?" అంది. నాన్న ముందే. ఆయనకి చెముడేం లేదు, తల దించుకున్నారు. అక్కడే మెషీన్ తెప్పించి తూయించాను. 51.

వయసట! ఊరికే బరువు తగ్గడం, నీరసం, చేతి పట్టు సడలడం, నడక నెమ్మదించడం, కదలిక తగ్గడం. ఈ అయిదింట్లో మూడుంటే ఫ్రెయిల్టీ, అంటే ఒంట్లో సత్తువ ఉడిగిపోయిన స్థితి, అని 2001 నుంచీ డాక్టర్లు లెక్క చూస్తున్నారు. మా నాన్నకి అయిదూ ఉన్నాయి. కుర్చీకి కట్టేస్తే కండ ఇంకా కరిగిపోతుంది, నిద్రమాత్రతో తూలిపడే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. 1990లోనే అమెరికాలో ఒక నర్సింగ్ హోమ్‌లో తొంభై ఏళ్ళవాళ్ళ చేత 8 వారాలు బరువులతో కాళ్ళ వ్యాయామం చేయిస్తే కాలి బలం రెట్టింపు దాటింది. తొంభై ఏళ్ళవాళ్ళకి! మరి వీళ్ళ 'ఫిజియోథెరపీ రూమ్'లో దుప్పట్ల మూటలున్నాయి. దానికి మాత్రం నెలనెలా బిల్లులో విడిగా వేశారు, మేమూ బుద్ధిమంతుల్లా కట్టాం.

నాన్నని తీసుకొచ్చేశాం. అడ్వాన్సు అడిగితే నోటీసు పీరియడ్ అంటున్నారు, అది వేరే గొడవ.

చేర్పించాలనుకునేవాళ్ళు చెప్పకుండా మధ్యాహ్నం పూట వెళ్ళండి, ఎంతమంది నడుస్తున్నారో, ఎంతమంది కుర్చీల్లో తల వాల్చేసి ఉన్నారో తెలుస్తుంది. చేరాక బరువు మీ కళ్ళముందే తూయించండి. ప్రతి మాత్రకీ డాక్టరు చీటీ అడగండి. "వయసు కదా" అన్నారంటే, డబ్బు కట్టకుండా లేచి వచ్చేయండి.