నవల చదివి ఓరుగల్లు వెళ్తే

రుద్రమదేవి మీద వచ్చిన నవలలు చదివి వెళ్తే, ఓరుగల్లు కోటలో ముందు కాస్త వెలితిగా ఉంటుంది. మనం ఊహించుకున్న అంతఃపురం ఎక్కడా కనిపించదు. నాలుగు కీర్తి తోరణాలు, వాటి మధ్య నేలమట్టమైన స్వయంభూ ఆలయం, వరుసగా పేర్చిన విరిగిన శిల్పాలు, అంతే. తోరణం మీద హంసల్ని తలెత్తి చూస్తూ కాసేపు నిలబడితే మాత్రం ఆ వెలితి పోతుంది.

మేం మాట్లాడుకున్న గైడ్ ఓపిగ్గా తిప్పాడు. కానీ నవలల్లోని సన్నివేశాలన్నీ జరిగినట్టే చెప్పేశాడు. ఏ శాసనంలో ఉందంటే జవాబు లేదు. అలాంటి గైడ్ కంటే బోర్డులు చదువుకుంటూ సొంతంగా తిరగడం నయం. అలాగని పాత రాతలన్నీ నిజమనీ కాదు. కాకతీయుల రేవు మోటుపల్లిని ఏలిన రాణిని, అంటే రుద్రమనే, మెచ్చుకున్న మార్కో పోలో ఆమె రాజుగారి భార్య అని రాశాడు. రుద్రమ ఆ రాజు గణపతిదేవుడి కూతురు!

బసకి హనుమకొండే మంచిది. వేయి స్తంభాల గుడి ఊళ్లోనే ఉంది, భోజనానికీ బస్సులకీ ఇబ్బంది లేదు. రామప్ప పొద్దున్నే వెళ్లాలి. పాలంపేట దాకా నేరుగా వెళ్లే బస్సులు తక్కువ, సొంత బండి ఉంటే హాయి. చూరు కింద నల్లరాతి మదనికల్లో (స్త్రీ శిల్పాల్లో) ఒకామె కాళ్లకి ఎత్తు మడమల చెప్పులున్నాయి, వెతికి చూడండి. 1213 నాటి శాసనం గుడి కట్టించిన రేచర్ల రుద్రుడి గురించి చెబుతుంది. శిల్పి రామప్ప అన్నది జనం నోట నిలిచిన మాట.

నన్ను బాగా కదిలించింది మాత్రం నకిరేకల్ దగ్గరి చందుపట్ల. ఎవరూ పెద్దగా వెళ్లరు. 1289 నాటి అక్కడి శాసనం రుద్రమ, సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని చెబుతుంది. ఎలా పోయారో చెప్పదు. తిరగబడ్డ సామంతుడు కాయస్థ అంబదేవుడితో యుద్ధంలోనే అని చరిత్రకారుల ఊహ. ఆమె చివరి రోజు గురించి రాతిలో ఉన్నది అంతే. ఆ రాత్రి శిబిరంలో ఎవరేం మాట్లాడుకున్నారో నవలాకారుడే రాయాలి, రాసే హక్కూ ఉంది. శాసనం చెప్పిన తేదీని, పేర్లని మార్చేస్తే మాత్రం నేను ఒప్పుకోను.

చందుపట్లలో బస దొరుకుతుందని వెళ్లకండి. భోజనం నకిరేకల్‌లో, విజయవాడ హైవే మీద చూసుకోండి.