ల్యాప్‌టాప్ తెరవగానే వచ్చే ఆ పాపప్ డబ్బాను ఆపిన ఆటోరన్స్: నాలుగేళ్లకు పైగా వాడాక

బెంగళూరు మారతహళ్లిలో ఇంటి నుంచే చిన్న షాపులకు లెక్కలు రాస్తాను. ఒక హార్డ్‌వేర్ కొట్టు, రెండు బేకరీలు, ఒక టైలరింగ్ యూనిట్, ఒక చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ, ఇలా మొత్తం పద్నాలుగు మంది. ప్రతి నెలా జీఎస్టీ రిటర్న్‌లు వేయాలి: 11వ తేదీకి జీఎస్టీఆర్-1, 20వ తేదీకి 3బీ. నెలంతా ఆ రెండు తేదీల చుట్టూనే తిరుగుతుంది. అందుకే ల్యాప్‌టాప్‌లో ఏ చిన్న తేడా వచ్చినా నాకు టెన్షన్.

2021 చివర్లో ఒక క్లయింటు బిల్లులన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చారు. అంతకుముందు దాన్ని ఏదో జిరాక్స్ షాపులో పెట్టారట. తెరిచి చూస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయిపోయి ఉన్నాయి. గమనించుకోకుండా ఒకదాన్ని నొక్కేశాను. విండోస్‌తో పాటు వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ వెంటనే పట్టుకుని, వైరస్ ఫైలును తీసేసినట్టు చూపించింది. హమ్మయ్య అనుకున్నాను. మర్నాడు పొద్దున ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే తెర మధ్యలో చిన్న డబ్బా వచ్చింది. పైన ‘విండోస్ స్క్రిప్ట్ హోస్ట్’ అన్న పేరు, లోపల ఫలానా స్క్రిప్ట్ ఫైలు దొరకలేదని ఇంగ్లిష్‌లో ఒక వాక్యం, కింద ఓకే బటన్. ఆ ఫైలు పేరు చివర వీబీఎస్ అని ఉంది, అంటే కంప్యూటర్‌కు చేయాల్సిన పనులు రాసి ఉంచే స్క్రిప్ట్ ఫైలు.

ఓకే నొక్కితే పోతుంది. కానీ అరగంటకు మళ్లీ వచ్చేది. ఒకరోజు బిల్లు మొత్తం 18,450 అని చూడకుండా కొట్టుకుంటూ పోతున్నాను. 18 కొట్టేసరికి డబ్బా వచ్చి పడింది. మిగతా మూడంకెలూ ఎటో పోయాయి, ఎంటర్ కొట్టగానే డబ్బా మాయమైంది. బిల్లు మొత్తం 18 రూపాయలుగా ఉండిపోయింది. సాయంత్రం టోటల్ కలవకపోతే గంటన్నర వెతికాను. ఇలాంటి పాపప్‌ను ‘పోనీలే, ఓకే కొడితే పోతుంది కదా’ అని వదిలేయకండి అని నేను గట్టిగా చెప్పేది అందుకే.

రిపేరు షాపుకు తీసుకెళ్తే అక్కడి అబ్బాయి అర నిమిషం చూసి ‘ఫార్మాట్ మాడ్బేకు మేడం’ అన్నాడు, అంటే మొత్తం చెరిపేసి విండోస్ మళ్లీ వేయాలని. అప్పటికి తేదీ 18. లెక్కలు రాసే ట్యాలీ డేటా, రిటర్న్‌ల మీద డిజిటల్ సంతకానికి పెన్‌డ్రైవ్‌లా పెట్టే టోకెన్ డ్రైవర్లు, ప్రింటరు, అన్నీ మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలి. వద్దని చెప్పి ఇంటికి వచ్చేశాను. ఆ రాత్రి మా చిన్నాన్న కొడుకు ఫోన్లో ఆటోరన్స్ పేరు చెప్పాడు.

ఇది మైక్రోసాఫ్ట్ సొంత సైట్‌లోనే ఉచితంగా దొరుకుతుంది. సిస్‌ఇంటర్నల్స్ అనే పనిముట్ల పెట్టెలో ఇదొకటి. మార్క్ రుసినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ అనే ఇద్దరు తయారు చేసుకున్న ఆ పెట్టెను 2006లో మైక్రోసాఫ్ట్ కొనేసింది. ఇన్‌స్టాల్ చేసే పని లేదు. జిప్ దించుకుని, విప్పి, అందులో ఆటోరన్స్64 (Autoruns64) అన్న ఫైలు మీద రైట్ క్లిక్ కొట్టి అడ్మినిస్ట్రేటర్‌గా నడిపితే చాలు. ఇదే పేరుతో వేరే సైట్లలో కనిపించేవి దించుకోకండి.

మొదటిసారి తెరిచినప్పుడు భయమేసింది, నిజం. వందల వరసలు. ల్యాప్‌టాప్ ఆన్ అయినప్పుడు, మనం లాగిన్ అయినప్పుడు తనంతట తాను మొదలయ్యే దాదాపు ప్రతిదీ అందులో ఉంటుంది: ప్రోగ్రాములు, సర్వీసులు, డ్రైవర్లు, టైము పెట్టి ఉంచిన పనులు, అన్నీ. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ అని ఒక ట్యాబ్ ఉంటుంది కదా, అక్కడ కనిపించేది ఇందులో చిన్న భాగమే. నేనూ ముందు అక్కడే చూశాను. ఐకాన్ లేకుండా ఉత్త ‘ప్రోగ్రామ్’ అన్న పేరుతో ఒక వరస ఉంది కానీ, అదేమిటో అర్థం కాలేదు. పైన శీర్షికల మీద రైట్ క్లిక్ చేసి ‘కమాండ్ లైన్’ పెట్టుకుంటే అది ఏ ఫైలును పిలుస్తోందో కనిపిస్తుందని తర్వాత తెలిసింది. చాలామందికి అక్కడితోనే పని అయిపోతుంది, కాబట్టి ముందు అది చూడండి.

ఆటోరన్స్‌లో నన్ను ఆదుకున్నది రంగు. ఫైలు లేకుండా పిలుపు మాత్రమే మిగిలి ఉన్న వరస పసుపు రంగులో కనిపిస్తుంది. లాగాన్ ట్యాబ్‌లో అలాంటిది ఒకటి, దాని పక్కనే పాపప్‌లో చూసిన అదే వీబీఎస్ పేరు! అప్పుడు విషయం అర్థమైంది. డిఫెండర్ వైరస్ ఫైలును తీసేసింది, కానీ ‘లాగిన్ కాగానే దీన్ని నడుపు’ అన్న మాట మాత్రం విండోస్ తన సెట్టింగ్‌లన్నీ రాసుకునే రిజిస్ట్రీలో అలాగే ఉండిపోయింది. ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయిన వాళ్ల పేరు మీద రోజూ పేపరు గుమ్మంలో పడుతున్నట్టు, విండోస్ ప్రతిరోజూ లేని ఫైలును వెతికి, దొరకలేదని నాకు చెబుతోంది. అంటే ఆ డబ్బా వైరస్ కాదు, వైరస్ పోయిందనడానికి గుర్తు. ఈ ఒక్క ముక్క ఆ షాపులో ఎవరైనా చెప్పి ఉంటే రెండు రాత్రులు నిద్రపోయేదాన్ని.

ఆ వరస ముందున్న టిక్ తీసేసి రీస్టార్ట్ చేశాను. తెరవగానే ఏమీ రాలేదు. అరగంట తర్వాత మళ్లీ అదే డబ్బా! ఈసారి షెడ్యూల్డ్ టాస్క్స్ ట్యాబ్‌కు వెళ్లాను. అక్కడ ఇంకో పసుపు వరస, అరగంటకోసారి అదే ఫైలును పిలిచే పని. ఇలాంటివి రెండు మూడు చోట్ల వేళ్లూనుకుని ఉండొచ్చు. ఒకచోట తీసి ఆగకుండా, పైన వెతికే పెట్టెలో ఫైలు పేరు కొట్టి ‘ఎవ్రీథింగ్’ ట్యాబ్‌లో ఎన్ని చోట్ల ఉందో చూసుకోవాలి. మైక్రోసాఫ్ట్ వరసలను దాచే ఆప్షన్ ఒకటి ఉంది. జాబితా చిన్నదవుతుంది కాబట్టి నేను రోజూ అలాగే వాడతాను. కానీ స్క్రిప్టులను నడిపే ప్రోగ్రాము మైక్రోసాఫ్ట్‌దే, కాబట్టి అలాంటి వరస కూడా దాగిపోవచ్చు. వెతుకుతున్నది కనిపించకపోతే ఒకసారి ఆ ఆప్షన్ తీసి చూడాలి.

రెండోది కూడా తీశాక ఆ డబ్బా ఇప్పటివరకు మళ్లీ రాలేదు.

ఈ నాలుగేళ్లలో బాగా నేర్చుకున్నది ఒకటుంది: టిక్ తీయడం వేరు, డిలీట్ చేయడం వేరు. టిక్ తీస్తే అది పక్కన భద్రంగా ఉంటుంది, మళ్లీ పెట్టుకోవచ్చు. డిలీట్ చేస్తే పోయినట్టే. 2023లో ఒకసారి ల్యాప్‌టాప్ తెరుచుకోవడం ఆలస్యమవుతోందని అనవసరం అనిపించినవాటన్నిటి టిక్‌లు వరసగా తీసేశాను. వాటిలో సంతకం టోకెన్‌కు కావాల్సిన ప్రోగ్రాము కూడా ఉంది. 20వ తేదీ మధ్యాహ్నం ఆ కంపెనీ రిటర్న్ దగ్గర టోకెన్ పెడితే గుర్తించడం లేదు. చేతులు వణికాయి. ఆటోరన్స్ తెరిచి ఆ టిక్ మళ్లీ పెట్టి, రీస్టార్ట్ చేస్తే ఐదు నిమిషాల్లో పని అయిపోయింది. డిలీట్ కొట్టి ఉంటే ఆ సాయంత్రం ఏమయ్యేదో ఊహించలేను. అప్పటి నుంచి ఏది తీసినా కనీసం వారం రోజులు టిక్ లేకుండా ఉంచి చూశాకే డిలీట్ జోలికి వెళ్తున్నాను. డ్రైవర్లు, విన్‌లాగాన్ (విండోస్ లాగిన్‌కు కావాల్సినవి ఉండేది) ట్యాబ్‌ల జోలికి అసలు వెళ్లను, తెలియనివాళ్లు వెళ్లకూడదు కూడా.

పసుపు కనిపించిన ప్రతిదీ చెడ్డదీ కాదు. కొత్త ల్యాప్‌టాప్‌లో కూడా రెండు మూడు పసుపు వరసలు ఉండొచ్చు. గులాబీ రంగు అంటే తయారుచేసిన వాళ్ల పేరు లేదని, లేదా సంతకం సరిపోలేదని. అది కూడా అనుమానించాల్సిన విషయమే తప్ప తీర్పు కాదు. అక్కడ వైరస్‌టోటల్ ఆప్షన్ పనికొస్తుంది. డెబ్బై దాకా యాంటీవైరస్‌లలో ఎన్ని దాన్ని చెడ్డదంటున్నాయో పక్కనే అంకె చూపిస్తుంది. ఒకటో రెండో అంటే పెద్దగా కంగారు పడను, ఇరవై ముప్పై అంటే ఆగను. మామూలుగా ఫైలును కాకుండా దాని గుర్తు సంఖ్యను మాత్రమే పంపుతుంది. తెలియని ఫైళ్లను అప్‌లోడ్ చేసే ఆప్షన్ వేరే ఉంది, క్లయింట్ల కాగితాలు ఉండే ల్యాప్‌టాప్ కాబట్టి దాన్ని నేను ఎప్పుడూ పెట్టలేదు.

మదనపల్లెలో నాన్న ల్యాప్‌టాప్‌కు కిందటేడు ఇదే బాధ. ఆన్ చేయగానే ఏదో ఫైలు లేదని డబ్బా. నాన్నకు ఇంగ్లిష్ చదవడం కొంచెం కష్టం. ఫోన్లోనే నడిపించాను.

‘నాన్నా, పసుపు రంగు గీతలు ఏమైనా కనిపిస్తున్నాయా?’

‘ఉండాయమ్మా, మూడుండాయి.’

‘పాపప్‌లో వచ్చిన పేరు ఏ గీతలో ఉందో, అక్షరం అక్షరం సరిపోల్చి చూడు. తొందరేం లేదు.’

చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత ‘రెండోదే’ అన్నారు. టిక్ తీయించి రీస్టార్ట్ చేయించాను. ‘రాలేదమ్మా!’ అన్నప్పుడు ఆ గొంతులో సంతోషం విన్నాక ఈ ప్రోగ్రాము మీద నాకు ఇంకా గౌరవం పెరిగింది. ఎప్పుడో అన్‌ఇన్‌స్టాల్ చేసిన ప్రింటర్ సాఫ్ట్‌వేర్ మిగిల్చిపోయిన ముక్క అది, అంతే.

అయితే అన్ని పాపప్‌లకూ ఇది మందు కాదు. మా పైఅంతస్తు ఆంటీకి కుడిపక్క కింద ‘మీ కంప్యూటర్‌లో అయిదు వైరస్‌లు’ అని రోజూ వచ్చేది. ఆటోరన్స్ మొత్తం గాలించినా ఏమీ దొరకలేదు. అది బ్రౌజర్ నుంచి వస్తోంది. ఎప్పుడో ఏదో సైట్ అడిగితే ‘అలో’ నొక్కేశారు. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో సైట్ పర్మిషన్లకు వెళ్లి, నోటిఫికేషన్స్ కింద ఆ సైట్‌ను తీసేస్తే ఆగిపోయింది. బ్రౌజర్ మూసినా వెనక నడుస్తూ ఉండే ఆప్షన్ కూడా ఆపేశాను. అలాగే ‘మీ పీసీ సెటప్ పూర్తి చేద్దాం’ అని తెర నిండా వచ్చేది విండోస్‌ది. అది సెట్టింగ్స్, సిస్టమ్, నోటిఫికేషన్స్ లోపల చివర్లో ఉంటుంది, ఆ టిక్‌లు తీసేస్తే చాలు. ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే మాత్రం దేన్నీ ముట్టుకోకుండా ఐటీ వాళ్లకు చెప్పండి.

ఇబ్బందులు కూడా చెప్పాలి. అంతా ఇంగ్లిష్‌లోనే ఉంటుంది, అక్షరాలు చిన్నవి, ఆప్షన్స్‌లో ఫాంట్ పెంచుకోవాలి. ఏది అవసరమో ఏది కాదో అది చెప్పదు, మనమే తెలుసుకోవాలి. కొన్ని ప్రోగ్రాములు అప్‌డేట్ అయినప్పుడల్లా మనం తీసేసిన దాన్ని మళ్లీ పెట్టుకుంటాయి. నా దగ్గర ఒక మీటింగ్ యాప్‌ను ఇప్పటికి నాలుగుసార్లు తీశాను. ఇది కాపలా కాయదు, మనం తెరిచినప్పుడు మాత్రమే చూపిస్తుంది.

దానికి నేను చేసుకున్న ఏర్పాటు ఇది: ప్రతి నెల 3బీ పని అయిపోయిన మర్నాడు ఆటోరన్స్ తెరిచి ఆ జాబితాను సేవ్ చేస్తాను. తర్వాతి నెల ఫైల్ మెనూలో కంపేర్ పెట్టి పాత జాబితాతో పోలుస్తాను. కొత్తగా చేరినవి ఆకుపచ్చగా కనిపిస్తాయి. పది నిమిషాల పని. పోయిన నెల రెండు ఆకుపచ్చ వరసలు కనిపించాయి. ఒకటి కొత్త ప్రింటరుది, అది ఉండనిచ్చాను. రెండోది ఏదో పీడీఎఫ్ ప్రోగ్రాము అడగకుండా తెచ్చుకున్న అప్‌డేటర్. దాని టిక్ తీసేశాను, వారం అయ్యాక డిలీట్ చేశాను.