నడుముకు కేజీన్నర: ఆరేళ్లు మోశాక చెప్తున్న మాట

రివాల్వర్ గురించి రాయడం లేదు. కాన్పూర్‌లో తయారయ్యే పాయింట్ 32, ఆరు తూటాలు పట్టేది. లైసెన్సు ఉన్న మా బంగారం వ్యాపారుల్లో చాలామంది దగ్గర అదే ఉంది, దాని మంచిచెడ్డలు అందరికీ తెలుసు. నేను రాసేది దాన్ని నడుముకు పట్టి ఉంచే తోలు హోల్‌స్టర్ గురించి, అందులోనూ దాన్ని బెల్టుకు తగిలించడానికి వెనక ఉండే స్టీలు క్లిప్పు గురించి. కొత్తగా లైసెన్సు తీసుకున్నవాళ్లు ఎవరు అడిగినా ముందు ఇదే చెప్తున్నాను: క్లిప్పు ఉన్నది కొనకండి. కొని ఉంటే ఈ రోజే పక్కన పడేయండి.

మాది ప్రొద్దుటూరు. నాయన కాలం నుంచి బంగారం పనే. బెంగళూరు నగరత్‌పేటలో చిన్న కొట్టు. ఆర్డరు నగలు పట్టుకెళ్లి ఇంటి దగ్గర అప్పగించి రావడం మా పనిలో సగం. 2019 మొదట్లో లైసెన్సు వచ్చింది. వచ్చిన కొత్తలో క్లిప్పు హోల్‌స్టర్ అంటే నాకు ఎంత ఇష్టమో! కొట్లో దిగగానే ఒక్క వేలితో తీసి లాకర్లో పెట్టేయొచ్చు, బయల్దేరేటప్పుడు అంతే సులువుగా తగిలించుకోవచ్చు. మూడేళ్లు అలాగే వాడాను. అవెన్యూ రోడ్డులో ఒక తెలిసినాయన అడిగితే ఇదే తీసుకోమని గట్టిగా చెప్పాను కూడా. తర్వాత ఆయనకు నేనే ఫోన్ చేసి ఆ మాట వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

2022 నవంబరులో జరిగింది ఇది. తుమకూరులో ఒక ఇంట్లో పెళ్లి నగలు అప్పగించి కారులో తిరిగి వస్తున్నాం, నేనూ, మా కొట్లో పనిచేసే జమ్మలమడుగు కుర్రాడూ. నెలమంగల ఇంకా రాకముందే రోడ్డు పక్క హోటల్ దగ్గర ఆగాం. నేను టాయిలెట్‌కు వెళ్లాను. పెద్దింటికి వెళ్తున్నామని ఆ రోజు ఫార్మల్ ప్యాంటు వేసుకుని సన్న బెల్టు పెట్టుకున్నాను, అంగుళం వెడల్పుది. నా క్లిప్పు అంగుళంన్నర బెల్టుకు చేసింది. దాని కింది కొసన బెల్టు అంచును పట్టుకోవడానికి చిన్న వంపు ఉంటుంది. బెల్టు సన్నదైతే ఆ వంపు దేన్నీ పట్టుకోదు, అంచుకు కింద ఊరికే ఉంటుంది. ఇది నాకు అప్పటిదాకా తెలియదు.

పైగా అదే బెల్టుకు ఎడమవైపు పన్నెండు తూటాల పౌచ్, టార్చి, మడత కత్తి. బకిల్ విప్పగానే ఆ బరువంతా ఎడమపక్కకు లాగింది. కుడిపక్క బెల్టు మెలి తిరిగింది. క్లిప్పు పైకి లేచి ఊడిపోయింది. హోల్‌స్టర్ టైల్స్ మీద పడిన చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. తలుపు కింద జానెడు సందు. నేల తడిగా ఉంది. నేను వంగేలోపే అది జారి తలుపు అవతలికి వెళ్లిపోయింది.

బయట వాష్‌బేసిన్ దగ్గర ఎవరో పిల్లాడు. గొంతు వినబడింది: "అంకల్, ఏనో బిత్తు!" ఏదో పడిపోయిందని చెప్తున్నాడు పాపం. ఆ సందులోంచి వాడి చెప్పులు, వాటి పక్కనే కిందికి వస్తున్న చిన్న చెయ్యి కనిపించాయి. నాకు నోట మాట రాలేదు. మరుక్షణం "ముట్టబేడ! ముట్టబేడ!" అని, ముట్టుకోవద్దని కన్నడలో అరిచాను. ఆ అరుపుకు వాడు జడుసుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ప్యాంటు ఒక చేత్తో పట్టుకుని తలుపు తీసి హోల్‌స్టర్ అందుకున్నాను. ఏడెనిమిదేళ్లుంటాయి వాడికి. కెమెరా అనుకున్నాడట. వాళ్ల నాన్న వచ్చి ఏమైందని అడిగితే ఏమీ లేదని చెప్పి బయటికి వచ్చేశాను. నిజం చెప్పే ధైర్యం ఆ నిమిషానికి లేకపోయింది.

హోల్‌స్టర్‌లో ఒక్క మంచి పని జరిగింది, అది కూడా చెప్పాలి. పైన రివాల్వర్ వెనక భాగాన్ని పట్టి ఉంచే తోలు పట్టీ, దాని గుండీ ఊడలేదు. రివాల్వర్ హోల్‌స్టర్‌లోనే ఉంది. ట్రిగ్గర్ పూర్తిగా తోలు లోపలే ఉంది. ఆ గుండీ కూడా వదులై ఉంటే ఏమయ్యేదో ఊహించడం నా వల్ల కాదు. బహిరంగ ప్రదేశంలో తుపాకీ పూర్తిగా కప్పి ఉండాలి, మన అదుపులో ఉండాలి అని 2016 ఆయుధ నియమాలు చెప్తాయి. కప్పి ఉండటం ఒక్కటే నేను పాటించాను. ఆ నాలుగైదు సెకన్లు అది నా అదుపులో లేదు.

కారులో కూర్చుని రివాల్వర్ తెరిచి తూటాలు ఆరూ బయటికి తీశాను. చేతులు వణుకుతున్నాయి. "అన్నా, నేను నడుపుతా" అని కుర్రాడే తాళం తీసుకున్నాడు. ఇల్లు చేరేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

మర్నాడు కొట్లో షట్టరు సగం దించి, నేను ఒంటిమీద మోసేవన్నీ తీసి ఒక్కొక్కటి తూచాను. తూటాలు నిండిన రివాల్వర్, హోల్‌స్టర్ కలిపి 890 గ్రాములు. తూటాలు విడిగా పెడితే ఒక్కోటి దాదాపు తులం తూగింది. పన్నెండు తూటాలు పౌచ్‌తో 180. టార్చి 160, కత్తి 120, పెప్పర్ స్ప్రే 90, గాజుగుడ్డ, కట్టు ఉన్న చిన్న సంచి 110. అంతా కలిపి కేజీ 550 గ్రాములు. మూడేళ్లలో ఒక్కోటి చేరుతూ వచ్చింది, ఏదీ ఒక్కసారిగా రాలేదు. ఎక్కడో ఒక దోపిడీ వార్త చదివిన వారమే ఇంకొకటి కొన్నాను. భయమేసినప్పుడల్లా బెల్టుకు ఒకటి తగిలించాను అన్నదే నిజం.

అప్పుడు ప్రతి వస్తువునూ ఒకే మాట అడిగాను: నిజంగా ఏదైనా జరిగితే నిన్ను వాడే టైమ్ నాకుంటుందా? తూటాల పౌచ్ మొదట పోయింది. కాల్పులు సాధన చేసే రేంజ్‌లో ప్రశాంతంగా నిలబడి నింపినా, ఒక్కొక్కటిగా ఆరు తూటాలూ సిలిండర్‌లో పెట్టడానికి నాకు పావు నిమిషం పైనే పడుతుంది. మా పేటల్లో జరిగేది బ్యాగు లాక్కుని బైకు మీద పోవడం. అది మూడు నాలుగు సెకన్ల పని. ఆరు తూటాలతో తేలని గొడవ పన్నెండింటితో తేలుతుందని నేను నమ్మను. అసలు బండి మీద పారిపోతున్నవాడి వెనక జనం ఉన్న సందులో తుపాకీ ఎత్తడం నేను చేయకూడని పని.

కత్తి కూడా పోయింది. దాన్ని వాడటం నేర్చుకోలేదు, నేర్చుకోవాలనీ లేదు. చేత్తో పట్టుకుంటే అవతలివాడు లాక్కుంటాడు.

పెప్పర్ స్ప్రే మాత్రం ఉంచుకున్నాను. కేకకూ రివాల్వర్‌కూ మధ్య ఏదో ఒకటి ఉండాలి. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించి చెప్తాయి. అంతకుముందు ఇవే ఐపీసీలో 96 నుంచి 106. అందులో నా బుర్రలో నిలిచింది ఒక్కటే, రక్షించుకోవడానికి అవసరమైన దానికన్నా ఎక్కువ హాని చేయకూడదు. చేతిలో తుపాకీ ఒక్కటే ఉన్నవాడికి అన్ని గొడవలకూ అదొక్కటే జవాబు అవుతుంది. స్ప్రేకి గడువు తేదీ ఉంటుంది, డబ్బా మీద చూసుకుని మార్చాలి. ఎదురుగాలికి కొడితే మన కళ్లలోనే పడుతుంది, ఇది కూడా ఒకసారి మేడ మీద కొట్టి చూశాకే అర్థమైంది.

టార్చి, కట్టు సంచి గురించి ఎక్కువ చెప్పను. టార్చి రోజూ వాడతాను. కొట్టు మూసి వచ్చేటప్పుడు లేచిపోయిన కాలువ బండలు, వీధి దీపం లేని సందు మలుపులు, షట్టరు తాళం. కట్టు సంచి రెండుసార్లు పనికొచ్చింది, రెండూ స్కూటర్ల మీంచి పడినవాళ్లకు. రివాల్వర్ ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా రేంజ్ బయట తీయలేదు, అందుకు దేవుడికి దండం పెట్టుకుంటాను.

ఇక కొత్త హోల్‌స్టర్. శివాజీనగర్‌లో తోలు పని చేసే ఒక పెద్దాయనతో చేయించాను. వెనక క్లిప్పు లేదు, అంగుళంన్నర బెల్టు దూరేలా రెండు తోలు లూపులు. బెల్టు కూడా ఆయనే రెండు పొరలు కలిపి బిర్రుగా కుట్టి ఇచ్చాడు. బెల్టు మొత్తం లాగేస్తే తప్ప హోల్‌స్టర్ రాదు. టాయిలెట్‌లో బెల్టు విప్పినా లూపుల్లోనే ఉంటుంది. ఇప్పటికి మూడేళ్లు దగ్గరపడుతోంది, ఒక్కసారి కూడా జారలేదు. మొదటి ఏడాది దీన్ని మించింది లేదని అందరికీ చెప్పుకుంటూ తిరిగాను.

ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. బ్యాంకుకు వెళ్లాలన్నా, మాల్‌కు వెళ్లాలన్నా ముందే కొట్లోనో ఇంట్లోనో బెల్టంతా ఊడదీసుకోవాలి. మధ్యలో మనసు మారితే కుదరదు. ఏప్రిల్, మే నెలల్లో చెమటకు తోలు లోపల తేమ పడుతుంది. ఒక ఎండాకాలం అశ్రద్ధ చేస్తే గొట్టం పక్కన గోధుమరంగు తుప్పు చుక్కలు కనిపించాయి. అప్పటి నుంచి రాత్రిపూట రివాల్వర్ హోల్‌స్టర్‌లో ఉంచను, నూనె గుడ్డతో తుడిచి విడిగా లాకర్లో పెడతాను. ఇది పట్టించుకునే ఓపిక లేనివాళ్లకు తోలు పనికిరాదు.

ఇంకో సంగతి ఉంది, హోల్‌స్టర్‌కు సంబంధం లేకపోయినా ఎంత మోయాలన్నదానికి సంబంధం ఉంది. 2024 లోక్‌సభ ఎన్నికలకు మార్చి 16న కోడ్ వచ్చింది. లైసెన్సు ఆయుధాలు అప్పగించమని కబురు వస్తే స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకున్నాను. ఫలితాలు జూన్ 4న. రివాల్వర్ మళ్లీ నా చేతికి వచ్చేసరికి దాదాపు మూడు నెలలు. మొదటి వారం నడుము ఖాళీగా ఉంటే ఒకటే టెన్షన్. చెయ్యి ఊరికే కుడిపక్కకు వెళ్లేది.

తర్వాత నా అలవాట్లు మారాయి. ఏడు గంటలకే షట్టరు దించేవాణ్ణి. అప్పగింతలు పగటిపూట పెట్టుకున్నాను. ఒక్కణ్ణి వెళ్లడం మానేసి కుర్రాణ్ణి వెంట తీసుకెళ్లాను. రోజూ ఒకే దారిన పోవడం మానేశాను. నగలు లేని రోజు చిక్కపేట నుంచి మెట్రో ఎక్కేవాణ్ణి. అన్నేళ్లుగా స్టేషన్ మా కొట్టు దగ్గరే ఉన్నా, రివాల్వర్‌తో ఎక్కనివ్వరు కనుక స్కూటర్ మీదే తిరిగాను. నాయన మాత్రం ఒక మాటన్నారు: "ఇన్నాళ్లూ అది ఉందని పొద్దుపోయినంక తిరిగినావు. అది లేకపోతే తిరిగుండవు." నాయన ముందు నేను మాట్లాడలేకపోయాను.

ఊరికి వెళ్లేటప్పుడు ఎలాగూ తీసుకెళ్లను. నా లైసెన్సు కర్ణాటక వరకే. ఆంధ్ర సరిహద్దులో కొడికొండ చెక్‌పోస్టు దాటితే అది చెల్లదు. ప్రొద్దుటూరులో నగల కొట్ల మధ్య తిరుగుతున్నా నా దగ్గర ఉండేది టార్చీ ఫోనూ మాత్రమే, అక్కడ నాకు ఏనాడూ లోటనిపించలేదు. జాతరలు, ఊరేగింపులు, బడి ఆవరణలు లైసెన్సు షరతుల ప్రకారమే కూడదు. ఇవన్నీ తీసేసి లెక్కేస్తే నెలలో నాకు అది నిజంగా అక్కరకు వచ్చే రోజులు ఆరో ఏడో. ఆ రోజుల్లోనే పెట్టుకుంటున్నాను, తక్కిన రోజులు లాకర్లో ఉంటుంది. పెట్టుకున్న రోజు ఆరు తూటాలు, స్ప్రే, టార్చి, ఫోను, జేబులో కట్టు. ఒంటిమీద కత్తి లేదు, అదనపు తూటాలు లేవు.

ఇది నా లెక్క. నాకు వెంట మనిషి ఉన్నాడు, కారు ఉంది, దారులు తెలిసిన పేట. ఊరికి దూరంగా తోటలో ఒంటరిగా ఉండేవాళ్లకో, పొద్దున్నే ఒక్కరే క్యాష్ పట్టుకెళ్లాల్సినవాళ్లకో ఇది సరిపోతుందని నేను చెప్పలేను. వాళ్లకు పౌచ్ కూడా అవసరం కావచ్చు. ఎవరైనా సరే, ఎంత మోసినా, లూపులున్న హోల్‌స్టరే తీసుకోండి, దానికి తగ్గ వెడల్పు బెల్టే పెట్టుకోండి. సన్న బెల్టు కట్టుకునే రోజైతే రివాల్వర్ ఇంట్లోనే ఉంచండి. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే తొందరగా తీసి పెట్టేయొచ్చన్న ఆశతో క్లిప్పు వైపు చూడకండి, తొందరగా వచ్చేది తొందరగానే జారుతుంది.

నా లైసెన్సు 2027లో రెన్యూవల్‌కు వస్తుంది. చేయించుకుంటానో లేదో, అప్పటికి మా పెద్దవాడు కొట్లో కూర్చుంటాడా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ప్రస్తుతానికి ఎడమ లూపు దగ్గర ఒక కుట్టు దారం లేచింది, వేలితో లాగితే కాస్త కదులుతోంది. ఆదివారం శివాజీనగర్ తీసుకెళ్లాలి. అది కుట్టించేదాకా రివాల్వర్ లాకర్లోంచి తీయను.